నెత్తుటిలో శనక్కాయ లెక్క



మన ఊళ్లలో ఇప్పుడు 'మూడు నెలల షుగర్' అనే మాట తెలియని ఇల్లు అరుదు. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి నెత్తురు తీసి చూసే పరీక్షలు మనకు పాతవే. డాక్టరు దగ్గరికి పోయేముందు రెండు రోజులు అన్నం తగ్గించి, పొద్దున్నే నాలుగు మైళ్లు నడిచి వస్తే ఆ రెండు పరీక్షల్లో అంకె కాస్త దిగుతుంది. మూడు నెలల షుగర్ మాత్రం దిగదు. పండక్కి తిన్న ఓళిగలు కూడా అందులో జమ అయి ఉంటాయి.

ఆ పరీక్షకు అంత జ్ఞాపకం ఎక్కడిది? ఈరోజు దాని గురించి, దానికి దగ్గరి చుట్టమైన ఇంకో పరీక్ష గురించి చెప్పాలని వచ్చాను. ఆ రెండోది మన శనక్కాయకు, మన వానలకు, మన కాలేయానికి సంబంధించినది. మొదటిది అర్థమైతే రెండోది తేలిక.

పెనం మీద శనగ్గింజలు వేయించేటప్పుడు ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. పచ్చివాసన పోతుంది, రంగు తిరుగుతుంది, ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది. గింజలోనే ఉన్న చక్కెరలు వెళ్లి గింజలోని ప్రోటీన్లకు అంటుకోవడంతో ఆ మార్పు మొదలవుతుంది. ఫ్రాన్స్ దేశపు రసాయనవేత్త లూయీ కమీయ్ మయార్ 1912లో దీన్ని వివరించాడు. పెనం మీద పది నిమిషాల్లో జరిగే ఆ మొదటి అంటుకోవడమే మన ఒంటివేడికి నెత్తుటిలో వారాల తరబడి మెల్లగా జరుగుతుంది. ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంది కదా. దానిలో నాలుగు గొలుసులు ఉంటాయి. వాటిలో బీటా అనే గొలుసు మొదట్లో వాలైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. గ్లూకోజు వచ్చి దాన్ని పట్టుకుంటుంది. ఒకసారి గట్టిగా పట్టుకున్నాక ఆ ఎర్ర కణం చచ్చేదాకా వదలదు. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే మూడు నెలల లెక్క.

టెహరాన్‌లో శామ్యూల్ రహ్‌బార్ అనే వైద్య పరిశోధకుడు 1968లో మధుమేహం ఉన్నవాళ్ల హిమోగ్లోబిన్‌ను జెల్‌లో పెట్టి కరెంటుతో పరుగెత్తించి చూశాడు. మామూలు పట్టీ పక్కన ఇంకో చిన్న పట్టీ కనిపించింది. చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ అది. ఈరోజు ల్యాబుల్లో ఇదే పనిని సన్నని గొట్టంలాంటి కాలమ్‌లో చేస్తారు. గొట్టంలో విద్యుత్ ఆవేశమున్న పూసలు ఉంటాయి. చక్కెర పట్టుకున్న హిమోగ్లోబిన్‌కు ఆవేశం కొంచెం మారుతుంది కాబట్టి అది పూసలకు ఎక్కువసేపు అతుక్కోదు, ముందు బయటికి వస్తుంది. ముందు వచ్చినదెంత, మొత్తం ఎంత అని లెక్క వేస్తే శాతం వస్తుంది. అది 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం అంటారు. ఈ యంత్రాలన్నీ సరిగా చూపిస్తున్నాయా అని సరిచూసే పెద్ద పద్ధతి ఇంకోటి ఉంది. అందులో బీటా గొలుసు మొదటి ఆరు అమైనో ఆమ్లాల ముక్కను ఎంజైముతో కోసి తీసి, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో తూస్తారు. చక్కెర అంటుకున్న ముక్క, అంటుకోని ముక్క కంటే సరిగ్గా 162 పాళ్లు బరువు. గ్లూకోజు 180, అంటుకునేటప్పుడు ఒక నీటి అణువు 18 పోతుంది, మిగిలింది 162. కోయడం, తూచడం అనే ఈ రెండు పనులు గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి ముందుకు పోతాను. ప్రోటీన్ మీద రాసిన లెక్క నమ్మాలంటే, ఆ ప్రోటీన్ ఎన్ని రోజులు బతికిందో తెలియాలి. పాత పుస్తకంలో ఎక్కువ పద్దులు, కొత్త పుస్తకంలో తక్కువ పద్దులు ఉంటాయి కదా. ఇనుము లోపంతో నెత్తురు తగ్గినవాళ్లలో ఈ శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. ఎర్ర కణాలు తొందరగా విరిగిపోయే జబ్బు ఉంటే తక్కువగా కనిపిస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. కాబట్టి అమ్మలారా, షుగర్ పరీక్ష రాయించుకునేటప్పుడు హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా చూపించండి. ఒక్క కాగితం చూసి మాత్ర పెంచడమో తగ్గించడమో వద్దని డాక్టరును అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు శనక్కాయ దగ్గరికి వస్తాను.

మన అనంతపురం ప్రాంతం పడమటి కనుమల వెనుక ఉన్న పీఠభూమి. నైరుతి మేఘం కనుమల అవతలే కురిసి, ఉత్త చేతులతో మన మీదుగా పోతుంది. ఈశాన్య రుతుపవనం మన దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఈ ఎర్రనేలల్లో ఆ వానకు తట్టుకుని నాలుగు డబ్బులు ఇచ్చింది శనక్కాయ కాబట్టి, మనం లక్షల ఎకరాల్లో దాన్నే నమ్ముకున్నాం. జూన్, జూలైలో విత్తుతాం. ఊడలు దిగుతాయి. కాయ ఊరే సమయానికి చాలా ఏళ్లలో బెట్ట వస్తుంది. ఈ చివరి నాలుగు నుంచి ఆరు వారాల బెట్ట దిగుబడిని తీస్తుందని మనందరికీ తెలుసు. అది ఇంకో పని కూడా చేస్తుంది.

మన నేలలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చటి బూజు ఎప్పుడూ ఉంటుంది. తేమ ఉన్న గింజ తనను తాను కాపాడుకుంటుంది. బూజు తాకగానే దాన్ని అడ్డుకునే రసాయనాలను అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. నేల వేడెక్కి, గింజలో తేమ తగ్గిపోతే ఆ తయారీ ఆగిపోతుంది. బూజుకు మాత్రం ఆ వేడి, ఆ పొడి సరిపోతాయి. భూమిలో ఉన్న కాయలోనే, మన కంటికి కనిపించకుండా, అది గింజలోకి దిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పెడుతుంది. పీకిన చెట్లు వానకు తడిసినా, వామి లోపల చెమ్మ మిగిలినా, ఒలిచే ముందు కాయల మీద నీళ్లు చల్లినా ఆ విషం పెరుగుతుంది. వేయిస్తే కొంత తగ్గుతుంది కానీ పోదు. ఉడకబెట్టినా పోదు.

ఈ విషం లోకానికి తెలిసింది కూడా శనక్కాయ చెక్కతోనే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలల్లో చచ్చిపోయాయి. వాటికి పెట్టిన దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన శనక్కాయ చెక్క ఉంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో, అకాల వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వెళ్లి కారణం తేల్చారు. ఇవి ఒక్కసారిగా ఎక్కువ విషం పడినప్పటి సంగతులు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పడితే కాలేయ క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1987లోనే దీన్ని మొదటి వర్గంలో చేర్చింది. మనుషులకు క్యాన్సర్ తెప్పిస్తుందని సందేహం లేకుండా రుజువైన వాటికే ఆ వర్గం.

మరి ఎవరి ఒంట్లో ఎంత పడిందో ఎలా తెలుసుకోవాలి? ఇంట్లో ఉన్న గింజలు తెచ్చి పరీక్షిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. బస్తాలో వేల గింజలు శుభ్రంగా ఉండి, ఒకటో రెండో గింజలు మాత్రమే విషం నింపుకుని ఉంటాయి. ఒక పిడికెడు తీస్తే ఏమీ లేదని వస్తుంది, ఇంకో పిడికెడు తీస్తే భయపెట్టే అంకె వస్తుంది. పైగా ఈరోజు ఇంట్లో ఉన్న గింజ, మనం పోయిన నెల తిన్న గింజ కాదు. తిన్న మనిషి ఒంట్లోనే వెతకాలి.

ఇక్కడే మళ్లీ ప్రోటీన్ మనకు సాక్షిగా వస్తుంది. అఫ్లాటాక్సిన్ కాలేయంలోకి వెళ్లగానే కాలేయపు ఎంజైములు దాన్ని కడిగి బయటికి పంపాలని చూస్తాయి. ఆ ప్రయత్నంలోనే అది ఇంకా చురుకైన రూపంలోకి మారుతుంది. ఆ రూపం దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది. కణం లోపల డీఎన్ఏను పట్టుకుంటే క్యాన్సర్‌కు దారి. అదే సమయంలో కొంత భాగం, కాలేయంలోనే తయారయ్యే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను, దానిలోని లైసిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర పట్టుకుంటుంది. ఆల్బుమిన్ నెత్తుటిలోకి వచ్చి, తన మీద అంటిన విషపు గుర్తును మోసుకుంటూ తిరుగుతుంది. సగం ఆల్బుమిన్ పోవడానికి సుమారు 20 రోజులు పడుతుంది. అంటే రెండు మూడు నెలల జ్ఞాపకం. అక్కడ హిమోగ్లోబిన్ మీద చక్కెర, ఇక్కడ ఆల్బుమిన్ మీద అఫ్లాటాక్సిన్.

కానీ కష్టం పరిమాణం దగ్గర వస్తుంది. షుగర్‌లో వందకు ఆరో ఏడో లెక్కిస్తున్నాం. ఇక్కడ తిన్న విషంలో రెండు శాతం అటూ ఇటుగా మాత్రమే ఆల్బుమిన్‌కు చేరుతుంది. ఒక మిల్లీగ్రాము ఆల్బుమిన్‌లో దొరికేది పికోగ్రాముల్లో. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోగ్రాము. ప్రోటీన్ మొత్తాన్ని అలాగే ఉంచి వెతికితే అది దొరకదు.

అందుకే ముందు కోస్తారు. నెత్తురు నుంచి సీరం వేరుచేసి, ప్రోనేజ్ అనే ఎంజైముల మిశ్రమం కలిపి, ఒంటివేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. ఆల్బుమిన్ పూర్తిగా విడిపోయి విడివిడి అమైనో ఆమ్లాలవుతుంది. విషం అంటిన లైసిన్ మాత్రం విషంతోపాటే మిగులుతుంది. దాన్ని చిన్న వడపోత కాలమ్‌లో మిగతావాటి నుంచి ఏరుతారు. తర్వాత మూడు దారులున్నాయి.

ఒకటి ఎలిసా. ఆ గుర్తును పట్టుకునే యాంటీబాడీలతో ప్లాస్టిక్ పలకలోని గుంటల్లో రంగు తెప్పించి, రంగు గాఢతను చదువుతారు. ఖర్చు తక్కువ, ఒకేసారి ఎన్నో నమూనాలు చేయొచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో శనక్కాయ గింజల్లో అఫ్లాటాక్సిన్ కొలవడానికి చవకైన ఎలిసా తయారు చేసినవాళ్లే, తర్వాత మనిషి నెత్తుటిలో ఈ గుర్తునూ వెతికారు. హైదరాబాద్‌లో కాలేయ జబ్బు ఉన్నవాళ్ల మీద ఆ బృందం చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. ఎలిసాకు ఒక బలహీనత ఉంది. యాంటీబాడీ అసలు గుర్తునే కాక దాని దాయాదులను కూడా పట్టుకుంటుంది. అందుకని మిగతా పద్ధతుల కంటే అంకె ఎక్కువ వస్తుంది. ఒక ఊరితో ఇంకో ఊరిని పోల్చడానికి అది పనికొస్తుంది. అసలు పరిమాణం ఇంత అని చెప్పడానికి దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు.

రెండోది వెలుగు. అఫ్లాటాక్సిన్ మీద కంటికి కనిపించని అతినీల కాంతి వేస్తే అది నీలంగా మెరుస్తుంది. ఈ విషంలో ముఖ్యమైన రకం పేరు బీ1; అందులోని 'బీ' నీలాన్ని చెప్పే బ్లూ అనే ఇంగ్లీషు మాట నుంచే వచ్చింది. లైసిన్‌కు అంటుకున్నాక కూడా ఆ మెరుపు పోదు. కాలమ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆ నీలపు మెరుపును కొలుస్తారు. నీలం అనగానే నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొస్తారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రచురించిన పద్ధతిలో, నెత్తుటిలోని ఫాస్పేటు మాలిబ్డినంతో కలిసి నీలమవుతుంది. నీలం ఎంత గాఢమో ఫాస్పేటు అంత. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరు బయోకెమిస్ట్రీ చదివిన ప్రతి విద్యార్థికి తెలుసు. కనిపించనిదాన్ని రంగు చేసి చూపించడం ఆయన నేర్పిన విద్య.

మూడోది తూకం. నా దృష్టిలో చివరి తీర్పు ఇదే. విషం అంటిన లైసిన్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 457 బరువు దగ్గర కనిపిస్తుంది. దాన్ని పట్టి, విరగ్గొట్టి, 394 బరువున్న ముక్క వచ్చిందా అని చూస్తారు. రెండూ సరిపోతేనే అది మనం వెతికేది. మరి ఏరేటప్పుడు, వడపోసేటప్పుడు కొంత పోయి ఉంటే? దానికీ ఉపాయముంది. మీ కల్లంలో గింజల కుప్ప ఉంది, ఎన్ని గింజలో తెలియదు. రంగు పూసిన నూరు గింజలు తెచ్చి బాగా కలిపేయండి. ఇప్పుడు ఒక చాటెడు తీసి చూడండి. అందులో రంగు గింజ ఒకటికి మామూలు గింజలు యాభై ఉంటే, కుప్పలో సుమారు ఐదు వేలు ఉన్నాయన్నమాట. మోసుకొచ్చేటప్పుడు సగం కుప్ప కారిపోయినా ఆ నిష్పత్తి మారదు. ల్యాబులో రంగుకు బదులు భార హైడ్రోజన్ వాడతారు. అది చేర్చి తయారు చేసిన విషపు లైసిన్‌ను, తెలిసిన పరిమాణంలో, మొదట్లోనే సీరంలో కలుపుతారు. మిగతా అన్ని గుణాల్లో అది అసలుదానిలాగే ఉంటుంది, బరువులో మాత్రం తేడా. చివర్లో రెండింటి నిష్పత్తి చూస్తే లెక్క తేలిపోతుంది. కెన్యాలో 2004లో బూజు మొక్కజొన్న వల్ల 317 మంది జబ్బుపడి 125 మంది చనిపోయారు. అప్పుడు తీసిన నెత్తుటి నమూనాల మీదే ఈ మూడు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి సరిచూశారు. వెలుగు, తూకం దాదాపు ఒకే మాట చెప్పాయి.

ఇదంతా దేనికి పనికొస్తుందో చైనాలోని చీదాంగ్ ప్రాంతం చూపించింది. అక్కడ జనం మొక్కజొన్న తినేవాళ్లు, కాలేయ క్యాన్సర్ విపరీతంగా ఉండేది. 1980ల నుంచి క్రమంగా వరి అన్నానికి మారారు. ఏళ్ల తరబడి దాచిన సీరం సీసాలను తర్వాత తీసి పరీక్షించారు. 1989లో మిల్లీగ్రాము ఆల్బుమిన్‌కు 19 పికోగ్రాముల దగ్గర ఉన్న గుర్తు, 2009 నాటికి యంత్రానికి అందనంత తగ్గిపోయింది. నలభై ఏళ్ల లోపువాళ్లలో కాలేయ క్యాన్సర్ మరణాలూ సగానికి పైగా తగ్గాయి. తిండి మారింది, నెత్తుటిలో లెక్క మారింది, చావులు తగ్గాయి. ఇరవై ఏళ్ల కథను చిన్న సీసాల్లోని ప్రోటీన్ చెప్పింది.

మన దగ్గర కథ వేరేగా నడుస్తోంది. యూరప్‌కు పోయే తినే శనగ్గింజల్లో అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ పరిమితి కోసం గింజను ఏరతారు, మెరుపు చూస్తారు, ల్యాబుకు పంపుతారు. మంచిదే. కానీ ఏరగా పక్కన పడేసింది ఎక్కడికి పోతోంది? నా చిన్నప్పుడు మా అమ్మ చాటలో గింజలు పోసుకుని ఏరుతుంటే నేను పక్కన కూర్చునేవాణ్ణి. నిగనిగలాడేవి విత్తనానికి ఒక గంపలో, అమ్మడానికి ఒక గంపలో వేసేది. ముడతలు పడినవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి మూడో గంపలోకి. ఆ మూడో గంప వంటింట్లోకి వచ్చేది. ఊరిమిండి దాంతోనే, పొడి దాంతోనే. మిగిలితే గానుగకు పోయేది. నూనె మాకు, చెక్క ఎద్దులకు, పాలిచ్చే ఆవుకు. గానుగ ఆడినప్పుడు విషం ఎక్కువగా చెక్కలోనే మిగులుతుందని, ఆవు ఆ చెక్క తింటే పాలలోకి ఎం1 అనే రూపంలో వస్తుందని మాకెవరూ చెప్పలేదు. ఒక్క గింజ కూడా వృథా కాకూడదని మా అమ్మ తపన. బెట్ట ఏళ్లలో ఆ పొదుపు ఇంకా పెరిగేది. సరిగ్గా ఆ ఏళ్లలోనే విషం ఎక్కువ.

అందుకే నా కోరిక ఇది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో, శనక్కాయ పండించి తినే పల్లెల్లో, వాన బాగా పడిన ఏడాది ఒకసారి, బెట్ట ఏడాది ఒకసారి జనం ఒప్పుకుని ఇచ్చిన నెత్తురు తీసి ఆల్బుమిన్ మీద ఈ గుర్తును కొలవాలి. సీరం దాచిపెట్టాలి. అనంతపురంలో వైద్య కళాశాల ఉంది, 1981లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, రేకులకుంటలో, కదిరిలో వ్యవసాయ పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. పంట తెలిసినవాళ్లు, ప్రోటీన్ తెలిసినవాళ్లు, రోగిని చూసేవాళ్లు ఈ రెండు జిల్లాల్లోనే ఉన్నారు. తూచే యంత్రం ఇక్కడ లేకపోతే, గడ్డకట్టించిన సీసాలను హైదరాబాద్‌కు పంపొచ్చు. పరదేశంలో తినేవాళ్ల కోసం గింజను పరీక్షించగలిగిన మనం, పండించినవాళ్ల కోసం నెత్తురు పరీక్షించలేమా?

అది జరిగేలోపు మీ చేతిలో ఉన్నవి రెండు మూడు పనులు. కాయ పీకాక వామి వేసే ముందు బాగా ఎండనివ్వండి. గింజలో తేమ 8 శాతం లోపు ఉంటే బూజు పెరగదు. చేతితో ఆడిస్తే లోపల గింజ గలగలమని మోగాలి. ఒలవడానికి నీళ్లు చల్లనివ్వద్దు. మీ ఇంట్లో బిడ్డ పుట్టగానే, 24 గంటల్లోపు, హెపటైటిస్ బీ టీకా వేయించండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. ఆ వైరసు, ఈ విషం ఒకే మనిషిలో కలిస్తే కాలేయ క్యాన్సర్ ప్రమాదం దాదాపు 60 రెట్లని షాంఘైలో 18 వేల మందికి పైగా మగవాళ్లను గమనించి చెప్పారు.

ఈ ఏడాది కాయ కొట్టి గింజలు ఏరేటప్పుడు, అక్కలారా, అమ్మలారా, ఆ మూడో గంపను వంటింట్లోకి తేవద్దు. ఆవు ముందు కూడా పెట్టద్దు. పొలం గట్టున గుంత తీసి పూడ్చేయండి.